ఎడారి ఖర్గోష్, మామిడితోట చెవులపిల్లి: తెచ్చి పెంచొచ్చా, కోసి తినొచ్చా?

మామిడి కోతలు మొదలయ్యాయంటే ఆగిరిపల్లి వైపు తోటల్లో రాత్రి కాపలా తప్పదు. ఇంట్లో వాళ్లు వంతులు వేసుకుంటారు. బడి సెలవులు కాబట్టి పిల్లలూ అక్కడే తిరుగుతుంటారు. అలాంటి ఏదో ఒక పొద్దున ఒక పిల్లాడు చొక్కా ఒళ్లో గుప్పెడంత కుందేలు పిల్లను పెట్టుకుని ఇంటికొస్తాడు. "గడ్డిలో ఒక్కటే కూర్చుంది అమ్మీ, తల్లి ఎక్కడా లేదు" అంటాడు. ఇక ఇంట్లో మాటలు మొదలు. నానీ గిన్నెలో పాలు తెచ్చి దూదితో పట్టమంటుంది. పక్కింటి చాచా "పెంచండి, పెద్దదయ్యాక చూద్దాం, హలాలే కదా" అని నవ్వుతాడు. కువైట్‌లో ఉన్న తండ్రి వీడియో కాల్‌లో చూసి "ఇవి ఇక్కడ ఎడారిలోనే బతుకుతున్నాయి, నీళ్లు కూడా అక్కర్లేదు వీటికి, మన ఇంట్లో ఏమవుద్ది" అంటాడు.

నలుగురూ మంచి మనసుతోనే అన్నారు. నాలుగు మాటల్లోనూ కాస్తో కూస్తో నిజం ఉంది కూడా. కానీ ఆ నాలుగూ కలిపి నమ్మితే చాలాసార్లు ఆ పిల్ల నాలుగు రోజులు తిరక్కుండా చనిపోతుంది. బతికి పెద్దదైతే ఇంటి మీదికి కేసు వచ్చే వీలుంది. ఎందుకో తెలియాలంటే ముందు తండ్రి చెప్పిన ఆ ఎడారి సంగతి తేల్చుకోవాలి.

మొదట పేరు. ఉర్దూలో ఖర్గోష్ అంటాం. ఇది ఫార్సీ నుంచి వచ్చిన మాట. ఖర్ అంటే గాడిద, గోష్ అంటే చెవి. గాడిద చెవులున్నది అని అర్థం. తెలుగు పల్లెల్లో కుందేలుకు ఇంకో పేరు చెవులపిల్లి. అమెరికా ఎడారుల్లో తిరిగే పెద్ద కుందేలును అక్కడి వాళ్లు జాక్‌ర్యాబిట్ అంటారు. దాని పాత రూపం జాకాస్ ర్యాబిట్, జాకాస్ అంటే మగ గాడిద. ఒకరితో ఒకరికి సంబంధం లేని మూడు చోట్ల మనుషులు ఈ జంతువును చూసి మొదట చెవులే పట్టుకున్నారన్నమాట. ఎడారిలో దీని బతుకు గుట్టులో సగం ఆ చెవుల్లోనే ఉంది.

ఇంకో చిక్కు కూడా పేరులోనే ఉంది. తెలుగులో కుందేలు, ఉర్దూలో ఖర్గోష్ అనే ఒక్క మాటతో మనం రెండు వేరు వేరు జంతువుల్ని పిలుస్తున్నాం. ఇంగ్లిష్‌లో వాటికి రెండు పేర్లున్నాయి, ర్యాబిట్ ఒకటి, హేర్ ఒకటి. పంజరంలో అమ్మే తెల్ల కుందేలు ర్యాబిట్. దాని పూర్వీకులు యూరప్ నుంచి వచ్చినవి. అది నేలలో బొరియ తవ్వుకుంటుంది. దాని పిల్లలు నెల రోజుల గర్భం తర్వాత వెంట్రుకలు లేకుండా, కళ్లు మూసుకుని, బొరియలో పుడతాయి. మన తోటల్లో, పోరంబోకు భూముల్లో కనపడేది హేర్. శాస్త్రంలో దాని పేరు లీపస్ నైగ్రికోలిస్, అంటే నల్ల మెడది. దక్షిణాదిలో దాని మెడ వెనక నల్లటి మచ్చ కనిపిస్తుంది. ఇది బొరియలో కాపురం పెట్టదు. పొద కిందో గడ్డి దుబ్బు పక్కనో నేలను కాస్త గీరి, ఒంటి మేర గుంట చేసుకుని కూర్చుంటుంది. దీని పిల్లలు ఆరు వారాలు దాటిన గర్భం తర్వాత ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకుని పుడతాయి. పుట్టిన కాసేపటికే కదలగలవు. ఈ తేడా గుర్తుంటే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి.

ఇదే జాతి కుందేలు రాజస్థాన్ థార్ ఎడారిలోనూ ఉంది. అక్కడిది మనదాని కంటే పాలిపోయిన ఇసుక రంగులో ఉంటుంది, మెడ మీద నలుపు ఉండదు. 2016 మే 19న 51 డిగ్రీల ఎండ కాసి దేశం మొత్తం మీద రికార్డుకెక్కిన ఫలోదీ కూడా ఆ థార్‌లోదే. గల్ఫ్ దేశాల్లో ఉన్నది దీనికి దగ్గరి చుట్టం. అరబ్బీలో అర్నబ్ అంటారు. అది మన కుందేలు కంటే చిన్నది, సన్నటి ఒళ్లు, ఒంటికి మించిన చెవులు. దుబాయ్ వాళ్లు ఎడారి జంతువుల కోసం కేటాయించిన దుబాయ్ డెజర్ట్ కన్జర్వేషన్ రిజర్వ్‌లో సాయంత్రం పూట అవి కనపడతాయి. మన రాష్ట్రంలో అసలు ఎడారి లేదంటారు గానీ, అనంతపురం జిల్లా రాయదుర్గం వైపు వేదవతి ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో ఇసుక దిబ్బలు పొలాల మీదికి వచ్చిన చోట్లు చూస్తే ఆ మాట అనబుద్ధి కాదు.

నీటి జమా ఖర్చు

ఎడారిలో కుందేలు ఎలా బతుకుతుంది? నీళ్లు తాగకపోయినా చాలా రోజులు నడుస్తుంది, నిజమే. కానీ నీళ్లు అక్కర్లేదనడం తప్పు. ఇది అచ్చం అకౌంటు పుస్తకం లాంటి వ్యవహారం. రాబడి పెంచుకునే దారి లేదు కాబట్టి ఖర్చు బిగపట్టుకోవాలి.

రాబడి ఒక్కటే, ఆకు. తినే గడ్డిలో, చిగుళ్లలో, దుంపల్లో ఉన్న తడే దాని నీళ్లు. అందుకే అది పగలు తినదు. రాత్రి, తెల్లవారుజామున తింటుంది. ఆ వేళకు ఆకుల్లో తడి ఎక్కువ, ఒక్కోసారి మంచు కూడా పట్టి ఉంటుంది. అమెరికా ఎడారుల్లో కంగారూ ర్యాట్ అనే ఎలుక ఒకటుంది. అది ఎండు గింజలు తిని, వాటిని అరిగించుకునేటప్పుడు ఒంట్లో పుట్టే కాస్త నీటితోనే కాలం గడిపేస్తుంది. కుందేలుకు ఆ శక్తి లేదు. పచ్చిక పూర్తిగా ఎండిపోతే కుందేలు కూడా పోతుంది.

ఖర్చు వైపు చూస్తేనే దాని పొదుపు తెలుస్తుంది. మనిషిలా చెమట పట్టించుకుని ఒళ్లు చల్లబరుచుకోదు. మూత్రం చిక్కగా, కొద్దిగా పోస్తుంది. పెంటికలు ఎండు గోళీల్లా ఉంటాయి. తిన్నది ఒకసారికే వదలదు. పేగుల్లోంచి మెత్తగా వచ్చే ఒక రకం పెంటికల్ని నేరుగా మళ్లీ తిని, మిగిలిన పోషకాలనూ తడినీ రాబట్టుకుంటుంది. వినడానికి అసహ్యంగా ఉన్నా, గడ్డి మీద బతికే ఇంత చిన్న జంతువుకు అదే ఆధారం.

ఇక చెవులు. పల్చటి చర్మం కింద రక్తనాళాలు వల అల్లినట్టు ఉంటాయి. ఒంట్లోని వేడి రక్తం చెవుల్లోకి వచ్చి, గాలికి చల్లబడి తిరిగి వెళుతుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. గాలి కుందేలు ఒంటి కంటే చల్లగా ఉన్నప్పుడే ఈ పద్ధతి పనిచేస్తుంది. మధ్యాహ్నం వడగాలిలో చెవులు విప్పి పెడితే బయటి వేడే లోపలికి వస్తుంది. అప్పుడు ఆ నాళాలు ముడుచుకుపోతాయి, రక్తం అటు పోవడం తగ్గుతుంది. ఇళ్లల్లో పొద్దునా సాయంత్రం కిటికీలు తెరిచి మిట్టమధ్యాహ్నం మూసేస్తాం చూడండి, అదే పని.

మరి మిట్టమధ్యాహ్నం ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు. కదలకుండా కూర్చుంటుంది. ఎడారి జంతువుల శరీర ధర్మాల మీద జీవితమంతా పనిచేసిన క్నూట్ ష్మిట్ నీల్సన్ అనే శాస్త్రవేత్త 1960ల్లో అమెరికా జాక్‌ర్యాబిట్ల మీద ఆలోచించి ఒక లెక్క చెప్పాడు. పొద నీడలో గుంటలో కూర్చున్న కుందేలు చుట్టూ నేల కాలుతున్నా, ఉత్తరం వైపు తెరిపి ఆకాశం మాత్రం ఆ నేల కంటే చాలా చల్లగా ఉంటుంది. పెద్ద చెవులు అటు తిరిగి ఉంటే ఒంటి వేడి కొంత ఆ ఆకాశంలోకి పోతుందని ఆయన ఊహ. ఒక్క చుక్క నీరు ఖర్చు లేకుండా! అయితే ఇదంతా అది కదలకుండా కూర్చున్నంతసేపే. ఎవరైనా తరిమితే ఒళ్లు వేడెక్కుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, దాచుకున్న తడి ఊపిరిలో పోతుంది. ఎడారి కుందేలుకు వేసవి పగలు పరుగు అంటే అసలు సొమ్ములోంచి ఖర్చు పెట్టడమే.

అసలు ర్యాబిట్ ఎడారిలో ఉండదా అంటే, ఉంటుంది, కాకపోతే దాని పద్ధతి వేరు. అమెరికాలో డెజర్ట్ కాటన్‌టెయిల్ అనే చిన్న అడవి ర్యాబిట్ వేరే జంతువులు తవ్వి వదిలేసిన బొరియల్లో దూరి ఎండ తప్పించుకుంటుంది. ఆస్ట్రేలియా కథ అందరికీ తెలిసిందే. 1859లో థామస్ ఆస్టిన్ అనే ఆసామి వేట సరదా కోసం ఇంగ్లండ్ నుంచి ర్యాబిట్లు తెప్పించి విక్టోరియాలోని తన ఎస్టేటులో వదిలాడు. అవి దేశమంతా పాకి మధ్యలోని ఎడారి భూముల దాకా వెళ్లాయి. 1901లో మొదలుపెట్టి 1907 కల్లా పశ్చిమ ఆస్ట్రేలియాలో మూడు వేల కిలోమీటర్లకు పైగా కంచె కట్టినా ఆగలేదు. అక్కడ వాటిని కాపాడిందీ బొరియలే. మన కుందేలుకు ఆ బొరియ కూడా లేదు. దానికి ఉన్న ఇల్లల్లా నిశ్చలంగా కూర్చోవడమే.

ఉర్దూలో ఖ్వాబె ఖర్గోష్ అని ఒక మాట ఉంది. ఏమీ పట్టకుండా మొద్దు నిద్రపోయే వాణ్ని అలా అంటారు. కుందేలు మీద ఇంతకంటే అన్యాయమైన మాట లేదు. అది పడుకున్నట్టు కనిపించే వేళ చెవులు ఆలకిస్తూనే ఉంటాయి. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంతో తల తిప్పకుండానే చుట్టూ దాదాపు మొత్తం చూడగలదు.

మామిడి నీడలో అదే లెక్క

ఆగిరిపల్లి ఎడారి కాదు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చిన ఈ మండలం, పక్కనే ఉన్న నూజివీడు, బంగినపల్లి, రసాల తోటలకు పేరు. శోభనాచలం కొండ చుట్టూ ఎర్ర నేలలు. కానీ ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటిన ఎండకు నేల మీది గడ్డి ఎండి గలగలలాడుతుంటే, కుందేలుకు ఎడారికీ ఇక్కడికీ తేడా తక్కువే. అందుకే అది ఇక్కడా అదే పాత లెక్క నడుపుతుంది. పగలు గట్టు మీది పొదలోనో, దున్నకుండా వదిలిన మూలనో, చెట్టు మొదట్లో ఎండుటాకుల మధ్యనో కదలకుండా కూర్చుంటుంది. రాత్రి బయటికొచ్చి చెట్ల మధ్య పచ్చిక, పెసర, మినుము మొక్కలు మేస్తుంది. కొత్తగా నాటిన అంట్ల చిగుళ్లు కొరికిందని రైతులు తిట్టుకోవడమూ ఉంది, ఆ తిట్టులో న్యాయం లేకపోలేదు. చిన్న అంటు చుట్టూ ముళ్లకంపో ఇనుప జాలీయో కట్టుకుంటే ఆ గొడవ చాలావరకు పోతుంది.

ఇప్పుడు పిల్లాడి చొక్కాలోని కుందేలు పిల్ల దగ్గరికి వద్దాం. దాన్ని తల్లి వదిలెయ్యలేదు. తల్లి కుందేలు తన పిల్లల్ని కావాలనే ఒంటరిగా ఉంచుతుంది. తను పక్కనే ఉంటే తన వాసన, తన కదలిక చూసి నక్కో, కుక్కో, గద్దో వస్తుంది. పిల్లకేమో ఇంకా వాసన తక్కువ, ఒంటి రంగు ఎండుగడ్డిలో కలిసిపోతుంది. కాబట్టి దూరంగా ఉండి, చీకటి పడ్డాక వచ్చి కాసేపు పాలిచ్చి వెళ్లిపోతుంది. ఆ పాలు బాగా చిక్కన. ఆ కొద్దిసేపు తాగినవే రోజంతా సరిపోతాయి. పగలంతా పిల్ల చెయ్యాల్సిన పని ఒక్కటే, కదలకుండా ఉండటం. అందుకే చేత్తో ఎత్తినా పారిపోలేదు. పిల్లాడు దాన్ని మచ్చిక అనుకున్నాడు, నిజానికి అది బిగుసుకుపోయిన భయం.

ఇంట్లో ఆవుపాలో గేదెపాలో పడితే విరేచనాలు పట్టుకుంటాయి. దూదితో పిండితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. చుట్టూ పిల్లలు మూగి చేతులు మారుస్తుంటే ఆ బెదురుకే కొన్ని చనిపోతాయి. నానీ పాలు పట్టలేదని కాదు, పట్టడం వల్లే పోతాయి.

చెయ్యాల్సింది చాలా తేలిక. తెచ్చిన రోజే, దొరికిన చోటే మళ్లీ పెట్టి రావాలి. కాస్త గడ్డి చేతిలో పట్టుకుని దాంతో ఎత్తితే మేలు. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదనే మాట చాలామంది చెబుతారు. దానికి భయపడి ఇంట్లోనే ఉంచెయ్యక్కర్లేదు. పెట్టాక అక్కడే నిలబడి తల్లి కోసం చూడకూడదు, మనుషులుంటే తల్లి రాదు. ఆ పూట కుక్కల్ని అటు వెళ్లనివ్వకపోతే చాలు. ఒంటి మీద గాయం ఉన్నా, పిల్లి కరిచినా, ఈగలు ముసిరినా, తల్లి పక్కనే చచ్చి పడి ఉన్నా అప్పుడు మాత్రం తీసుకుని అటవీ శాఖ వాళ్లకు చెప్పాలి. ట్రాక్టరుతో తోట దున్నించే వాళ్లు, ఎండుటాకులు కుప్ప వేసి తగలబెట్టే వాళ్లు ముందుగా ఒకసారి కర్రతో గడ్డి కదుపుతూ నడిచి చూసుకుంటే మంచిది. పెద్ద కుందేలు లేచి పరిగెడుతుంది గానీ పిల్ల లేవదు.

హలాల్ సరే, చట్టం?

ఇక చాచా మాట. కుందేలు మాంసం హలాలేనా అంటే, సున్నీ మజ్‌హబ్‌లలో హలాలే. దీనికి ఆధారం కూడా ఎడారి కుందేలే. మక్కాకు దగ్గర్లో, ఇప్పుడు వాదీ ఫాతిమా అంటున్న మర్రుజ్ జహ్రాన్ లోయలో ఒక కుందేలును లేపి జనం వెంటపడి తరిమి అలిసిపోయారని, తాను పట్టుకోగలిగానని హజ్రత్ అనస్ (రజి) చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. అబూ తల్హా (రజి) దాన్ని జిబహ్ చేసి తొడ మాంసం పంపితే దైవప్రవక్త (స) స్వీకరించారు. షియా ఫిఖ్హ్‌లో మాత్రం కుందేలు తినరు.

అయితే తినడానికి హలాల్ అన్నంత మాత్రాన ఎప్పుడైనా, ఎక్కడైనా వేటాడొచ్చని అర్థం కాదు. ఇహ్రామ్‌లో ఉన్నవారికి వేట నిషిద్ధమని ఖుర్ఆన్ ఐదో సూరా చెబుతోంది. ఆ స్థితిలో ఎవరైనా వేటాడితే ఎంత పరిహారం ఇవ్వాలో హజ్రత్ ఉమర్ (రజి) జంతువు వారీగా తేల్చారు. జింకకు మేక, కుందేలుకు ఏడాది లోపు ఆడ మేకపిల్ల. ఇమామ్ మాలిక్ ముఅత్తాలో ఇది నమోదైంది. కుందేలు చిన్నదే కదా అని ఆ లెక్కలో వదిలెయ్యలేదు.

మన దేశ చట్టం లెక్క ఇంకా సూటిగా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కాకి, ఎలుక, పళ్లు తినే గబ్బిలం లాంటివి ఒకప్పుడు హానికర జీవుల జాబితాలో ఉండేవి. కుందేలు అందులో లేదు, రక్షణ ఉన్న జంతువుల నాలుగో షెడ్యూల్లో ఉండేది. 2022లో చట్టం సవరించారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతో కుందేలు రెండో షెడ్యూల్లోకి చేరింది. దీన్ని వేటాడినా, ఉచ్చు పెట్టి పట్టినా, మాంసం దగ్గరుంచుకున్నా మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పంజరంలో ముద్దుగా పెంచుకున్నా అది నేరమే. రోడ్డు మీద బండి తగిలి చచ్చిన కుందేలును ఇంటికి తెచ్చుకోవడం కూడా కుదరదు. చట్టం ప్రకారం అది ప్రభుత్వ ఆస్తి, దొరికిన వాళ్లు 48 గంటల్లో పోలీసులకో అటవీ శాఖకో చెప్పాలి. పంట పాడు చేస్తుంటే? అప్పుడు కూడా అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇస్తేనే, సొంతంగా కాదు.

రాత్రి పూట తల లైట్లు పెట్టుకుని బైకుల మీద తోటల వెంట తిరిగే కుర్రాళ్లకు ఇది సరదా. లైటు మొహాన పడగానే కుందేలు పరిగెత్తదు, తన పాత అలవాటు ప్రకారం కదలకుండా కూర్చుంటుంది. ఎడారిలో తరాల పాటు దాని ప్రాణం కాపాడిన అలవాటే ఇక్కడ దాన్ని పట్టిస్తుంది. పట్టిన వాళ్లలో ఎవరో ఒకరు ఫొటో తీసి స్టేటస్‌లో పెడతారు. తర్వాత సంగతి చెప్పక్కర్లేదు. కేసు కోర్టులో నడుస్తుంటే పాస్‌పోర్టు చేతికి రావడం కష్టం. గల్ఫ్ ఉద్యోగానికి అడిగే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ దగ్గర మళ్లీ అదే కేసు అడ్డం పడుతుంది. కిలో, కిలోన్నర మాంసం కోసం కువైట్ వీసా పోగొట్టుకునే బేరం ఏ లెక్క ప్రకారం చూసినా నష్టమే.

పిల్లలకు పెంచుకోవాలని అంత మనసుంటే సంతలో దొరికే తెల్ల ర్యాబిట్ ఉంది. అది పెంపుడు జంతువు, పుట్టుకే వేరు, మనుషుల మధ్య తరతరాలుగా బతుకుతున్నది. దాన్ని పెంచితే ఈ చట్టం అడ్డు రాదు.

ఆ పిల్లాడు ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంటే, పాల గిన్నె పక్కన పెట్టి ఒక్క ప్రశ్న అడగాలి: ఏ చెట్టు కింద దొరికింది బేటా? అస్ర్ అయ్యాక, మగ్రిబ్ లోపే బయల్దేరితే వెలుతురు ఉంటుంది, ఆ చోటు గుర్తుపట్టొచ్చు. చీకటి పడ్డాక తల్లి వచ్చేది అక్కడికే.